ఊడిరాని కుట్టు

మా మనవరాలు పొట్టిదని మా కాంపౌండ్‌లో అందరికీ తెలుసు. ఆ సంగతి నాకు మళ్లీ చెప్పడానికి ప్రతి శుక్రవారం ఇద్దరు మనుషులు తయారుగా ఉండేవారు.

ఆ పిల్లకు పదమూడేళ్లు. ఆడేది అమెరికా వాళ్ల ఫుట్‌బాల్. కాలితో తన్నేది కాదు, రెండు పక్కలా మొన తేలిన బంతిని చేత్తో విసిరేది. టీవీలో మగవాళ్లు గట్టి టోపీలు పెట్టుకుని పొట్టేళ్ల మాదిరి గుద్దుకునే ఆట అదే. ఈ ఆడపిల్లల ఆటలో గుద్దుకోవడం లేదు. ఒక్కొక్కరి నడుముకు ఒక పట్టీ ఉంటుంది. ఆ పట్టీకి రెండు పక్కలా రెండు రిబ్బన్లు వేలాడుతుంటాయి. బంతి ఎవరి దగ్గరుంటే ఆ పిల్ల రిబ్బను ఎదుటి జట్టు పిల్ల లాగేస్తుంది. అక్కడికి ఆట ఆగి మళ్లీ మొదలవుతుంది. ఈ మాత్రం అర్థం కావడానికి నాకు రెండు శుక్రవారాలు పట్టింది. మూడో తరగతిలో బడి మాన్పించిన మనిషికి అది ఎక్కువేమీ కాదు.

బంతిని ముందుగా అందుకుని, ఎవరికి విసరాలో రెప్పపాటులో తేల్చుకుని విసిరే పిల్లను క్వార్టర్‌బ్యాక్ అంటారు. మా మనవరాలు అదే. జట్టంతా ఆ పిల్ల చేతి మీద నడుస్తుంది కాబట్టి నోళ్లన్నీ ఆ పిల్ల మీదే పడతాయి.

నా కొడుకు సౌదీలో, ధహ్రాన్‌లో టెక్నీషియన్. వారంలో ఒక్క శుక్రవారం పొద్దునే వాడు కంటినిండా నిద్రపోయేది. కోడలు నర్సు, ఆమెకు శుక్రవారమూ డ్యూటీయే. కాబట్టి పిల్లను గ్రౌండ్‌కు తీసుకుపోయే పని నాది. అల్ అజీజియాలో మేముండే కాంపౌండ్ చివరనే ఆ గ్రౌండ్. ఎనిమిదికి మొదలుపెడితే జుమ్మా నమాజుకు ముందే ఆట ముగుస్తుంది. చూసేవాళ్లకు ఇనుప మెట్లు వేశారు. చలికాలం పొద్దున వాటి మీద కూర్చుంటే వెన్నులోకి చలి ఎక్కుతుంది. అందుకని చంకలో మెత్త పెట్టుకుని పోతాను. కొడుకు పాత ప్యాంటు గుడ్డ, చినిగిన బొంతలోని దూది. దానికోసం సూది కూడా కొనలేదు.

మాది జమ్మలమడుగు పక్క దూదేకుల ఇల్లు. మా నాయన విల్లు పెట్టి దూది ఏకేవాడు. మా అమ్మా నేనూ పరుపులు కుట్టేవాళ్లం. కుట్టడం అయ్యాక మా నాయన పరుపు అంచు రెండు చేతులతో పట్టుకుని, గోడకు కాలు తన్నిపెట్టి లాగేవాడు. "గుడ్డ చినగాల గానీ కుట్టు ఊడగూడదు" అనేవాడు. ఊడితే మొత్తం విప్పి మళ్లీ కుట్టాల్సిందే, ఆకలైనా సరే, చీకటి పడుతున్నా సరే. అక్షరాల కంటే ముందు నేను నేర్చుకున్నది ఆ కుట్టు. అక్షరాలు కొన్ని మరిచిపోయాను గానీ ఆ కుట్టు మరిచిపోలేదు.

మెట్ల మీద తెలుగువాళ్లం ముగ్గురం. ఒకాయన గోదావరి వైపు ఇంజనీరు. ఆయన కూతురు మా జట్టులోనే బంతి పట్టుకునే పిల్ల. అమెరికాలో జరిగే ఆటలన్నీ ఫోన్లో చూస్తాడు. మా పిల్లలు ఎన్ని విసిరారు, ఎన్ని పట్టారు, ఎన్ని జారవిడిచారు అన్నీ అదే ఫోన్లో రాసుకుంటాడు. రెండో ఆయన జగిత్యాల నుంచి వచ్చిన మెయింటెనెన్స్ మనిషి. గాలికి గ్రౌండ్ మీద పరుచుకున్న ఇసుకను పొద్దున్నే ఊడ్చి, చీపురు పక్కన ఆనించి, కింది మెట్టు మీద కూర్చుంటాడు. ఇద్దరికీ మా పిల్లంటే ఇష్టమే. ఆ ఇష్టంలో జాలి కలిసి ఉంటుంది. అదే నాకు గిట్టదు.

ఆ చలికాలం జట్టులోకి కొత్తగా ఒక జోర్డాన్ అమ్మాయి వచ్చింది. మా పిల్ల తల ఆ పిల్ల భుజం కిందికి వస్తుంది. రియాద్‌లో ఆడబోయే పోటీలకు కోచ్ పదిమంది పేర్లు రాయాలి. అందులో క్వార్టర్‌బ్యాక్‌కు మొదటి పేరు ఎవరిది, రెండో పేరు ఎవరిది, అసలు మా పిల్ల పేరు ఉంటుందా అన్నది మెట్ల మీద నలుగుతున్న మాట. కోచ్ అమెరికా ఆమె. పిల్లల బడిలో టీచరు. ఎక్కువ మాట్లాడదు. మెట్ల మీద వాళ్లే ఆమె బదులు కూడా మాట్లాడేవారు.

"మామ్మగారూ, నేను మీ పిల్లని తక్కువ చేసి మాట్లాడట్లేదండి" అన్నాడు ఇంజనీరు ఒక శుక్రవారం. ఆయన అలా మొదలుపెట్టాడంటే తక్కువ చేయబోతున్నాడని అర్థం. "చెయ్యి మంచిదేనండి. బుర్ర ఇంకా మంచిదండి. కానీ ఎత్తు లేదు కదండీ. ముందు నిలబడ్డ వాళ్ల తలల మీంచి చూడాలా వద్దా? పైగా మీదకెవరైనా వచ్చేస్తే కంగారుపడిపోతోంది. ఆ జోర్డాన్ పిల్లైతే కదలదండి. స్తంభంలా నిలబడుద్ది."

"స్తంభానికి బంతి విసిరేది వచ్చునా?" అన్నాను.

"నిజం జెప్పాల్నంటె పెద్దమ్మా" అని కింది మెట్టు మీది నుంచి జగిత్యాల మనిషి అందుకున్నాడు, "గా పొడుగు పిల్ల ఇసిరితె ఆ గీత దాక పోతది. మన పిల్లది నడుమల్నే పడుతది. గామెను ఇసరవెట్టి, మన పిల్లను ఉరకవెట్టిన్రనుకో, టీం సెట్టయితది."

"నీకు ఊడ్చే పని ఇచ్చినారా, జట్టు కట్టే పని ఇచ్చినారా?"

"రెండు జేస్తున్న పెద్దమ్మా. రెండోదానికి జీతమిస్తలేరు."

నాకు నవ్వు వచ్చింది. నవ్వితే వాళ్ల మాట ఒప్పుకున్నట్టవుతుందని బిగబట్టుకున్నాను.

"ఇద్దరూ వినండప్పా. జొన్నచేలో మంచె మీద నిలబడి ఒడిసెల తిప్పి పిట్టల్ని తోలినదాన్ని నేను. రాయి దూరం పోయేది చెయ్యి పొడుగుతో కాదు, నడుము తిరిగేదాంతో. మా పిల్ల నడుము ఎట్ల తిరుగుతాందో చూడండి. మీ స్తంభానికి నడుమే లేదు. ఇంకో మాట. మా పిల్ల విసిరినవి మీ పాప చేతిలో ఎన్ని నిలిచినాయో, అది కూడా ఆ ఫోన్లో రాసినావా?"

ఇంజనీరు ఫోను జేబులో పెట్టుకున్నాడు. "రాశానండి. అందుకే చెప్పట్లేదు" అన్నాడు. మంచి మనిషి. ఆ మంచితనం వల్లే ఆయనతో పోట్లాడటం నాకు కష్టంగా ఉండేది.

ఆ రోజు ఆటలో నేనొకటి గమనించాను. మా పిల్ల బంతితో పరుగెత్తుతుంటే ఎవరూ ముట్టకుండానే నడుము రిబ్బను రాలి కింద పడింది. రిబ్బను లేని పిల్లను ఊరికే చేత్తో తాకితే చాలు, ఆట ఆగిపోతుంది. రెండుసార్లు అలాగే అయింది. మెట్ల మీద మాత్రం "చూశారా, కంగారు" అన్నారు.

ఇంటికి వచ్చి పట్టీ చూశాను. రిబ్బనును అంటిపెట్టుకునే గరుకు ముక్క అరిగి బట్టతల అయిపోయింది.

"కొత్త పట్టీ కొందాంలే అత్తా" అంది కోడలు.

"పట్టీ బాగుంది. రిబ్బను బాగుంది. నడుమ అతుకు పోయింది. దానికి కొత్తది కొంటారా ఎవరన్నా?"

ఆ మధ్యాహ్నం బియ్యం సంచి మూతికి వేసిన దారం దాచిపెట్టింది తీశాను. రిబ్బన్లను పట్టీకి కలిపి పరుపు అంచుకు వేసే వాలుకుట్టు వేశాను, రెండు వరసలు. అయ్యాక గోడకు కాలు తన్నిపెట్టి లాగాను. ఊడలేదు.

రిబ్బను లాగడమే ఆట కదా అని ఇప్పుడు ఎవరైనా అడగవచ్చు. నాకూ తెలుసు. లాగేవాళ్లు లాగుతారు, ఊడకుండా చూసుకోవడం మన పని అనుకున్నాను. కబడ్డీలో కాలు పట్టుకుంటారని తెలిసి, మనమే కాలు చాపి, రండి లాగండి అంటామా? ఎదుటివాళ్లకు సులువు చేసిపెట్టాలని ఏ ఆటలోనైనా ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు, నేను అడగలేదు. మనవరాలికి కూడా చెప్పలేదు. చినిగినదాన్ని కుట్టడం ఇంట్లో చెప్పుకునేంత పని కాదు. పట్టీ మడిచి దాని సంచిలో పెట్టేశాను.

తరువాతి శుక్రవారం ధహ్రాన్ పిల్లలతో ఆట. ఆ ఆట చూసి కోచ్ పేర్లు రాస్తుందని అందరికీ తెలుసు. మా పిల్ల పొద్దున పాలు కూడా సగమే తాగింది.

ఆట బాగా సాగింది. మా పిల్ల ఆ రోజు బంతి అందుకున్న వెంటనే విసిరేస్తోంది. ఎవరూ దగ్గరికి రాకముందే బంతి చేతిలో ఉండటం లేదు. ఇంజనీరు రాసుకుంటూ "ఈ రోజు బాగుందండి, చాలా బాగుందండి" అంటూనే ఉన్నాడు. చివరికి వచ్చేసరికి వాళ్లు కొంచెం ముందున్నారు. మాకు ఒక్క విసురు మిగిలింది. దాన్ని గ్రౌండ్ చివరి గీత అవతల మా జట్టు పిల్ల ఒకతి పట్టుకుంటే గెలుపు మాది.

మా మనవరాలు బంతి అందుకుంది. చూస్తోంది. ఎవరూ ఖాళీగా దొరకలేదు. ఈలోపల ధహ్రాన్ పిల్ల, మంచి బలిష్ఠంగా ఉంది, పక్క నుంచి వచ్చి రిబ్బను పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. రిబ్బను ఊడలేదు. ఆ పిల్ల రెండు చేతులతో పట్టుకుంది. అయినా ఊడలేదు. కాళ్లు జారి, రిబ్బను వదలకుండా, మా పిల్ల నడుముకు వేలాడింది. మా పిల్ల ఒక పక్కకు ఒరిగిపోయి, ఆ వంగిన నడుమునే తిప్పి విసిరింది. బంతి గీత దాటి పోయింది. అక్కడ ఇంజనీరు కూతురు ఉంది. ఎప్పుడూ జారవిడిచే ఆ పిల్ల దాన్ని రెండు చేతులతో గుండెకు అదుముకుంది.

ఇంజనీరు మెట్టు మీద ఎగిరాడు. జగిత్యాల మనిషి చీపురు పైకెత్తాడు. నేను మాత్రం కూర్చునే ఉన్నాను, కానీ మెత్తను రెండు చేతులతో పిసికేస్తున్నాను.

విజిల్ ఊదారు. ఒకటి కాదు, నాలుగైదు. ఆట నడిపించే ఆయన మా పిల్ల దగ్గరికి పోయి రిబ్బను పట్టుకుని లాగి చూశాడు. పట్టీ తిప్పి చూశాడు. ఎదుటి పక్క తల్లులు లేచి నిలబడి అరవసాగారు. కోచ్ పరుగున వచ్చి మా పిల్లను ఏదో అడిగింది. మా పిల్ల ఆ కుట్టు వంక చూసింది. తరువాత మెట్ల వంక, నా వంక చూసింది. తల దించుకుంది.

"ఏమంటాండారప్పా?" అని ఇంజనీరును అడిగాను.

ఆయన ముఖం మాడిపోయి ఉంది. "రిబ్బను ఊడకుండా కుట్టేసిందంటండి. మోసమంటున్నారు. నువ్వే కుట్టుకున్నావా అని కోచ్ అడుగుతోంది. పిల్ల నోరు విప్పట్లేదు. మోసమని తేలితే రెండో పేరు కూడా ఉండదండి, జట్టులోంచే తీసేస్తారు."

అది ఎందుకు నోరు విప్పలేదో నాకు అర్థమైంది. దాని దిండుకు ఉన్నది ఆ కుట్టే. దాని బడి సంచికి ఉన్నది ఆ కుట్టే. చూడగానే ఎవరి చెయ్యో తెలుసుకుంది.

మెత్త తీసుకుని లేచాను. గ్రౌండ్‌లోకి ఆడేవాళ్లు తప్ప ఎవరూ పోకూడదు. జగిత్యాల మనిషి చేతులు అడ్డం పెట్టాడు. ఇక్కడ మేనేజరును ముదీర్ అంటారు.

"పెద్దమ్మా, లోపటికి పోవద్దు! ముదీర్ జూసిండంటె నా పని ఖలాస్!"

"నీ పని ఖలాస్ అయితే నేను వచ్చి ఊడుస్తా. జరుగు."

జరిగాడు. ఆ ఆకుపచ్చ పరుపు లాంటి నేల మీద చెప్పులతోనే నడిచిపోయాను. వెనక నుంచి ఇంజనీరు "మామ్మగారూ, వెళ్లకూడదండీ, మామ్మగారూ" అంటూ వస్తున్నాడు. వెళ్లకూడదంటూనే ఆయనా వచ్చేశాడు.

"నా మాట వీళ్లకు చెప్పు. కుట్టింది నేను. ఈ పిల్లకు తెలీదు. అతుకు అరిగిపోయి ఊరికే రాలిపోతాంటే కుట్టినా. మోసం చేసేదానికి కుట్టలే. మోసం చేసేవాళ్లు రెండు వరసలు కుట్టరు, ఎవరికీ కనపడకుండా కుడతారు. మా ఇంటి కుట్టు ఏనుగు లాగినా ఊడదు. అది మా తప్పు కాదు, మా పని."

ఇంజనీరు ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. నేను ఇన్ని మాటలంటే ఆయన నాలుగు మాటలన్నాడు.

"అంతా చెప్పినావా?"

"సారాంశం చెప్పానండి."

"ఏనుగు మాట చెప్పినావా?"

ఆయన మళ్లీ తిరిగి ఏనుగు మాట కూడా చెప్పాడు. కోచ్ నవ్వు రాకుండా పెదవి బిగబట్టింది. ఆట నడిపించే ఆయన మాత్రం నమ్మలేదు. పిల్లను కాపాడటానికి ముసలామె నేరం నెత్తిన వేసుకుంటోంది అన్నాడట. అప్పుడు నా మెత్త ఆయన చేతిలో పెట్టాను. అంచు తిప్పి చూపించాను. పట్టీ పక్కన పెట్టి చూపించాను. అదే వాలు, అదే ఎడం, అవే రెండు వరసలు.

"ఊడదీయమని చెప్పు ఆయనకు" అన్నాను.

ఆయన మెత్త అంచు పట్టుకుని గట్టిగా గుంజాడు. ఎదుటి పక్క తల్లులు కూడా అరుపులు ఆపి చూశారు. గుడ్డ పిగిలింది. కుట్టు నిలిచింది.

మెత్త తిరిగి ఇచ్చేశాడు. మోసం కాదు, తెలియక జరిగింది అని తేల్చారు. కానీ ఆ విసురు లెక్కలోకి రాదన్నారు. ఎవరో వేరే పట్టీ ఇచ్చారు. విసురు మళ్లీ వేయమన్నారు. ఈసారి ధహ్రాన్ పిల్ల రెండు వేళ్లతో ముట్టగానే రిబ్బను ఊడి ఆమె చేతికి వచ్చింది. ఓడిపోయాం.

ఇంటికి వస్తున్నంతసేపు పిల్ల నాకంటే పది అడుగులు ముందే నడిచింది. మా ఇంటి మెట్ల దగ్గరికి వచ్చాక నా వైపు తిరిగింది.

"అవ్వా, నన్ను ఒక్కమాట అడిగింటే సరిపోయేది కదా!"

"చినిగినదాన్ని కుట్టేదానికి అడగాలనా?"

"ఆ ఆటలో అది ఊడాలవ్వా! ఊడితేనే ఆట! నేను గెలిచిందాన్ని నువ్వు పోగొట్టినావు!"

 తప్పు నాదైనప్పుడు ఎదురు ప్రశ్న వేయడం నాకు అలవాటు. "మరి వాళ్లడిగినప్పుడు నువ్వెందుకు నోరు మూసుకున్యావు?"

"నీ పేరు చెప్తే నిన్ను మళ్లీ గ్రౌండ్‌కి రానీరని."

 తలుపు తీస్తూ అడిగాను, "ఆ పిల్ల లాగుతాంటే నీకు తెలిసిందా?"

"తెలిసింది. ఊడిపోయిందనే అనుకున్నా. విజిల్ వినపడలేదు. వినపడేదాకా విసరాల్సిందే కదా, విసిరినా."

బాగా విసిరినావు అని అనాలనిపించింది. పాలు సగం వదిలేసిపోయినావు, వచ్చి తాగు అన్నాను.

కోచ్ పేర్లు రాసింది. క్వార్టర్‌బ్యాక్‌కు మొదటి పేరు జోర్డాన్ అమ్మాయిది. రెండో పేరు మా పిల్లది. ఎవరి పట్టీ వాళ్లే ఆటకు ముందు సరిచూసుకోవాలి, అది క్వార్టర్‌బ్యాక్‌కు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది అందట. దాంతోపాటు ఇంకో నియమం పెట్టింది. ఇక నుంచి చూసేవాళ్లంతా గ్రౌండ్ చుట్టూ ఉన్న వైరు కంచె బయటే కూర్చోవాలి. ఆ నియమం నా ఒక్కదాని కోసం పుట్టింది. అందరికీ వర్తించింది.

ఇప్పుడు మాకు ఆ ఇనుప మెట్లు లేవు. కంచె బయట పేవ్‌మెంట్ మీద కూర్చుంటున్నాం. నా మెత్తకు పిగిలిన చోట మాసిక వేశాను.

"అన్యాయమండి మామ్మగారూ" అన్నాడు ఇంజనీరు కూర్చోగానే. "నడుముకి మనిషి వేలాడుతుంటే విసిరిందండి. కంగారన్నది ఎక్కడండి? కొట్టేసినా సరే, ఆ విసురు నేను రాసుకున్నాను."

"గా పొడుగు పిల్లకు మనిషి గాదు, మబ్బు అడ్డమొచ్చినా ఆగుతది" అన్నాడు జగిత్యాల మనిషి. ఆయన పని ఖలాస్ కాలేదు, అక్కడే ఉంది. "మన పిల్లనే ముంగట వెట్టాలె. నేను ఎప్పటిసంది జెప్తున్న."

"ఎప్పటినుంచప్పా? మొన్నటిదాకా మీకు స్తంభం కావాల. ఎత్తు కావాల. ఇప్పుడు మా పిల్ల కావాల. మీ జాలి మీ దగ్గరే పెట్టుకోండి. రెండో పేరు కూడా పేరే. అది నా వల్ల రెండోది అయింది. దాన్ని మొదటికి తెచ్చుకునేది అది చూసుకుంటుంది, మీరూ నేనూ కాదు."

"మరి మీరు సారీ చెప్పారా అండి కోచ్‌కి?" అని నెమ్మదిగా అడిగాడు ఇంజనీరు.

"కుట్టగూడని చోట కుట్టినందుకు చెప్పినా. కుట్టు గట్టిగా ఉన్నందుకు చెప్పలే."

ఆయన ఫోను తీశాడు, మళ్లీ పెట్టేశాడు. రాసుకోవడానికి అందులో చోటు దొరకలేదేమో.

అప్పుడే మా మనవరాలు కంచె దగ్గరికి వచ్చింది. నడుముకు కొత్త పట్టీ, కోడలు కొన్నది. నా వైపు వీపు పెట్టి, వైరు సందుకు నడుము ఆనించి నిలబడింది.

"లాగవ్వా" అంది.

"నేనా?"

"నువ్వే. నువ్వు లాగితే ఊడిందంటే ఎవరు లాగినా ఊడుతుంది. ఆట మొదలుకాక ముందు ప్రతిసారీ నువ్వే చూడాల."

వైరు సందులోంచి రెండు వేళ్లు పెట్టి లాగాను. గర్రుమని సులువుగా ఊడి వచ్చేసింది. మా నాయన చూసి ఉంటే విప్పి మళ్లీ కుట్టమనేవాడు. నాకూ ఒళ్లు మండింది. అయినా ఊడిన రిబ్బనును మళ్లీ దాని చోట పెట్టి, అరచేత్తో నొక్కి అతికించాను.

"రెండో పక్క" అంది.

అదీ లాగాను. అదీ ఊడింది. అదీ అతికించాను.

"సరిపోయింది, పో" అన్నాను. అది పరుగెత్తుకుంటూ పోయి, జోర్డాన్ అమ్మాయి వెనక రెండో చోట నిలబడి, రెండు చేతులూ నడుము మీద పెట్టుకుని, తన వంతు కోసం చూడసాగింది.